అమ్మ కూర్చునే వైపు తలుపు

మా కారు వెనక ఎడమ తలుపుకి లోపలి పిడి విరిగి రెండు నెలలయినా నేను పెద్దగా పట్టించుకోలేదు. బ్రేకులు బాగానే పడుతున్నాయి, ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంటోంది, ఏ.సి. చల్లగా వస్తోంది. పదిహేనేళ్ల కారు ఇంతకన్నా ఏం చేయాలి? ఆ తలుపు బయటినుంచి చక్కగా తెరుచుకుంటుంది. లోపల కూర్చున్నవారికి మాత్రం తెరుచుకోదు. దిగేటప్పుడు ఎవరో ఒకరు చుట్టూ తిరిగి వెళ్లి తీస్తే సరిపోతుంది కదా అనుకున్నాను.

ఆ తలుపు పక్క సీటు మా అమ్మది. ఆమెకు 84 ఏళ్లు. మన రోడ్లమీద ఎడమ చేతివైపు దిగితే వచ్చే పోయే బళ్ల భయం ఉండదని ఆ చోటు ఆమెకే వదిలేశాం. పిడి విరిగాక ఆమెను దింపడం ఇంట్లో ఒక వేడుకయింది. "మహారాణీగారు వేంచేశారు, తలుపు తీయండహో" అని మా అబ్బాయి కేకపెట్టేవాడు. ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వు చూసి ఇందులో ఇబ్బందేమీ లేదనే అనుకున్నాం.

మే నెలలో ఒక శనివారం అమ్మను తీసుకుని తిరువల్లిక్కేణి పార్థసారథిస్వామి గుడికి బయలుదేరాను. మాది మూడు తరాలుగా మద్రాసు కాపురం. అమ్మ కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆ గుడికి వెళ్లడం అలవాటు. మాడవీధిలో కారు ఆపడానికి చోటు దొరకడమే గగనం. ఎలాగో ఒక మూల నిలిపి, "తులసిమాల తీసుకుని రెండు నిమిషాల్లో వచ్చేస్తానమ్మా" అని దిగాను. దిగి, చేతి అలవాటుకొద్దీ తాళం బొత్తాం నొక్కేశాను. దుకాణంలో జనం. చిల్లర లేదన్నాడు. ఈలోగా పాత ఆఫీసు మిత్రుడొకాయన తారసపడ్డాడు. నా రెండు నిమిషాలు పదిహేను నిమిషాలయ్యాయి.

తిరిగి వచ్చేసరికి అమ్మ కారులో లేదు. పక్కనే పూలమ్మే ఆవిడ ముక్కాలిపీట మీద కూర్చుని, ఆవిడ ఇచ్చిన నీళ్లు తాగుతోంది. జాకెట్టు చెమటకు తడిసిపోయింది. కారు మూసి ఉంది, ఏ.సి. లేదు. అద్దం దించుదామంటే తిప్పే పిడి బిగుసుకుపోయి ఆమె చేతికి తిరగలేదు. లోపలినుంచి అద్దం మీద కొడుతుంటే ఆ పూలావిడ చూసిందట. తలుపు లాగితే రాలేదు. "భయపడకండి పాట్టీ" అంటూ అద్దం దగ్గరున్న లాకు గుబ్బను పైకి లాగమని సైగచేసి చూపించిందట. గుబ్బ లేచాక బయటినుంచి తలుపు తీసింది.

అమ్మ నన్నొక్క మాట అనలేదు. దర్శనం చేసుకుని ఇంటికి వచ్చాం. మరుసటి శనివారం గుడికి రమ్మంటే మోకాళ్లు నొప్పులంది. ఆ పై శనివారం ఎండగా ఉందంది. పదకొండేళ్ల మా మనవరాలు నన్ను వరండాలోకి లాక్కుపోయి మెల్లగా చెప్పింది: "తాతయ్యా, తాతమ్మకి మోకాళ్లు కాదు. కారు తలుపు మూస్తే భయంట. ఎవరికీ చెప్పొద్దంది."

ఆ సాయంత్రమే నేనూ మనవరాలూ పనిముట్లపెట్టె తీసి కారు దగ్గర కూర్చున్నాం. మాకు తెలిసివచ్చిన సంగతులు పదిమందికీ పనికివస్తాయని ఈ వ్యాసం రాస్తున్నాను. ఎవరింట్లోనయినా ఇలాంటి తలుపు ఒకటుంటే, "తర్వాత చూద్దాం" అనుకోకండి.

పిడి వెనక ఏముంది?

కారు తలుపు చూడటానికి ఒకే పలకలా ఉన్నా లోపల డొల్ల. బయటివైపు రేకు, లోపలివైపు మరో రేకు. ఆ రెండిటి మధ్య అద్దం కిందికి దిగే ఖాళీ. లోపలి రేకుమీద మనకు కనపడే ప్లాస్టిక్ లేదా రెగ్జిన్ అట్టను మెకానిక్కులు డోర్ ప్యాడ్ అంటారు.

తలుపు అంచున, కంటికి సగమే కనపడేలా, ఒక తాళపు పెట్టె ఉంటుంది. దీన్నే డోర్ లాక్ అంటారు. అందులో ఒక కొండి. తలుపు వేయగానే ఆ కొండి కారు స్తంభానికి బిగించిన కమ్మీని పట్టుకుంటుంది. కొండి వదిలిపోకుండా దాని వెనక ఒక చిన్న మీట అడ్డుపడుతుంది. మనం లోపలి పిడి లాగినప్పుడు ఒక సన్నని ఇనుపకడ్డీ, కొన్ని కార్లలో తీగ, ఆ మీటను పక్కకు లాగుతుంది. కొండి వదులుతుంది, తలుపు తెరుచుకుంటుంది. బయటి పిడికి వేరే కడ్డీ ఉంటుంది. అందుకే ఒకటి పాడయినా రెండోది పనిచేస్తూనే ఉంటుంది. మనం రెండు నెలలు అశ్రద్ధ చేయడానికి కారణం కూడా అదే.

విప్పడానికి ముందు

స్క్రూడ్రైవరు పట్టుకునే ముందు మూడు పరీక్షలు చేయాలి.

మొదటిది, పిల్లల తాళం. వెనక తలుపు తెరిచి దాని అంచు చూడండి. డోర్ లాక్ దగ్గర చిన్న మీట కనపడుతుంది. పసిపిల్లలు నడుస్తున్న బండిలో తలుపు తీయకుండా పెట్టిన ఏర్పాటిది. కారు కడిగేటప్పుడు గుడ్డ తగిలి కూడా అది పడిపోవచ్చు. అది పడితే లోపలి పిడి ఎంత లాగినా తలుపు రాదు. ఈ ఒక్కటి చూసుకోక మెకానిక్కు దగ్గరికి పరుగెత్తేవారు చాలామంది.

రెండోది, పిడి లాగినప్పుడు చేతికి ఏమి తెలుస్తోంది? ఏ బరువూ లేకుండా వదులుగా వచ్చేస్తే పిడి విరిగిందన్నా, కడ్డీ ఊడిందన్నా అనుకోవాలి. బరువుగా ఉండి సగంలో ఆగిపోతుంటే డోర్ లాక్ బిగుసుకుందని అర్థం. కొన్ని కార్లలో మొదటిసారి లాగితే తాళం విడి, రెండోసారి లాగితే తలుపు వస్తుంది. అది లోపం కాదు, ఆ కారు పద్ధతి.

మూడోది, బయటి పిడి. బయటినుంచి తెరుచుకుని, లోపలినుంచి తెరుచుకోకపోతే తప్పు లోపలి పిడికీ డోర్ లాక్‌కీ మధ్య ఉన్నట్టు. ఎటునుంచీ రాకపోతే అది ఇంట్లో పని కాదు, మెకానిక్కును పిలవండి. మూసుకుపోయిన తలుపుకి డోర్ ప్యాడ్ ఊడదీయడం కష్టం.

మాది మొదటి రకం. పిడి వదులుగా ఆడుతోంది. దాన్ని ఇరుసుకి పట్టి ఉంచే ప్లాస్టిక్ చెవి విరిగిపోయింది. విరిగిన మొదటి వారంలోనే నేను జిగురుపెట్టి అతికించాను. నాలుగు రోజులు నిలిచింది. జిగురు తప్పేమీ లేదు. పిడి లాగిన ప్రతిసారీ బరువంతా ఆ చెవి మీదే పడుతుంది. గోరంత అతుకు ఆ లాగుడుకి ఎన్నాళ్లు ఆగుతుంది? పెచ్చు లేచిన గిన్నె చెవికి అతుకు పెట్టి వేడివేడి పులుసు మోయించినట్టే. బరువు లాగేచోట అతుకు పనికిరాదు, మార్చడమే మార్గం.

పుదుప్పేట బేరం

మద్రాసులో కారు సామాన్లంటే కొత్తవాటికి జనరల్ పేటర్స్ రోడ్డు, పాతవాటికి పుదుప్పేట. పుదుప్పేటలో ముసలి కార్లను విప్పి ఏ భాగానికాభాగం వేరుచేసి అమ్ముతారు. తలుపులు ఒకచోట, దీపాలు ఒకచోట, అద్దాలు ఒకచోట గుట్టలుగా ఉంటాయి. బెంగళూరులో ఉన్నవారికి ఇలాంటిదే జె.సి. రోడ్డు.

దుకాణానికి వెళ్లేముందు నాలుగు సంగతులు కాగితం మీద రాసుకోవాలి: కారు పేరు, తయారైన సంవత్సరం, ముందు తలుపా వెనకదా, కుడా ఎడమా. కుడి ఎడమలు కారులో ముందుకు చూస్తూ కూర్చున్నవారి లెక్క. ఎదురుగా నిలబడి చూసి చెబితే తప్పు వస్తువు వస్తుంది. చాలా పిడుల వెనక ఎడమదానికి ఎల్.హెచ్. అని, కుడిదానికి ఆర్.హెచ్. అని అచ్చు ఉంటుంది. పాత పిడి జేబులో వేసుకుని వెళ్లడం అన్నిటికన్నా మేలు. నేను అలాగే చేశాను.

దుకాణదారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "కైప్పిడియా సార్?" అన్నాడు. మా మనవరాలికి సరదా వేసింది. మన పిడే తమిళంలో కైప్పిడి. అదే కన్నడంలో హిడికె. మన పాలు కన్నడంలో హాలు, పులి హులి అయినట్టే పిడి హిడి అయింది. మూడు ఇళ్లలోనూ తలుపు లాగే మాట ఒక్కటేనన్నమాట. పాత కారునుంచి తీసిన పిడి చవకగా ఉన్నా, అదీ మా పిడి అంత ఎండ తిన్నదే. ప్లాస్టిక్ ఏళ్ల తరబడి ఎండకు పెళుసెక్కుతుంది. అందుకని కొత్తదే కొన్నాను. మూడొందలు దాటలేదు. డోర్ ప్యాడ్‌ను రేకుకి పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పులు కూడా అరడజను తీసుకున్నాను. విప్పేటప్పుడు ఒకటి రెండు విరగక మానవు.

డోర్ ప్యాడ్ విప్పడం

కావలసినవి: ప్లస్ స్క్రూడ్రైవరు ఒకటి, మైనస్‌ది ఒకటి, ప్లయర్సు, పాత నూలుగుడ్డ పీలిక, మందపాటి చేతి తొడుగులు, స్క్రూలు వేసుకోవడానికి ఒక స్టీలు గిన్నె. తొడుగులు తప్పనిసరి. తలుపు లోపలి రేకు అంచులు కొత్త బ్లేడులా ఉంటాయి. పవర్ విండోలున్న తలుపయితే ముందుగా బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. తలుపుల్లో ఎయిర్‌బ్యాగు సెన్సర్లున్న కొత్త కార్ల జోలికి ఇంట్లో పోవద్దు. అవి వర్క్‌షాపుకే వదిలేయాలి.

అద్దం పూర్తిగా పైకి ఎత్తి, తలుపు బార్లా తెరిచి పని మొదలుపెట్టాం. ముందు చేతి ఆనుడు బిగించిన స్క్రూలు, తర్వాత పిడి చుట్టూ ఉన్న గిన్నెలాంటి మూత. స్క్రూ కనపడలేదంటే లేదని కాదు. చిన్న ప్లాస్టిక్ బిళ్ల కింద దాక్కుని ఉంటుంది. విప్పిన వరుసలో మనవరాలు ఫోనులో ఫొటోలు తీస్తూ వచ్చింది. బిగించేటప్పుడు ఆ ఫొటోలే మాకు దారి చూపాయి.

అద్దం తిప్పే పిడి దగ్గర చాలామంది ఆగిపోతారు. దానికి స్క్రూ ఉండదు. వెనకాల గుర్రపులాడం ఆకారంలో తీగ క్లిప్పు పట్టి ఉంటుంది. నూలుగుడ్డ పీలికను పిడికీ ప్యాడ్‌కీ మధ్య దూర్చి, రెండు కొసలూ పట్టుకుని, మజ్జిగ చిలికేటప్పుడు కవ్వపుతాడు లాగినట్టు అటూ ఇటూ లాగితే గుడ్డ ఆ క్లిప్పును పట్టి బయటికి నెడుతుంది. ఒక్కోసారి అది టప్పున ఎగిరి ఏ మూలో పడుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, కింద పాత దుప్పటి పరవండి. మాది ఎగిరి తులసికోట వెనక పడితే అరగంట వెతికాం.

స్క్రూలన్నీ వచ్చాక ప్యాడ్ కింది మూలనుంచి, వేళ్లు దూర్చి, క్లిప్పు ఉన్నచోటనే లాగాలి. మధ్యలో పట్టి లాగితే అట్ట విరుగుతుంది. క్లిప్పులన్నీ వదిలాక ప్యాడ్‌ను పైకి ఎత్తితే అద్దం అంచునుంచి విడివడుతుంది. పవర్ విండో తీగలుంటే వేలాడదీయకుండా ప్లగ్గు విప్పాలి.

ప్యాడ్ వెనక రేకుకి అతికించిన పాలిథిన్ కాగితం కనపడుతుంది. పనికిరానిదేదో అని చింపి పారేయకండి. వానలో అద్దం పక్కనుంచి నీళ్లు తలుపులోకి దిగుతూనే ఉంటాయి. కింద ఉన్న కన్నాలగుండా బయటికి పోతాయి. ఆ నీళ్లు కారులోకి రాకుండా కాచేది ఈ కాగితమే. కావలసినంత మేర ఊడదీసి, తర్వాత మళ్లీ అతికించాలి. ఆ కింది కన్నాలు మట్టితో పూడుకుపోయి ఉంటే పుల్లతో పొడిచి శుభ్రం చేయండి. పూడుకుంటే నీళ్లు నిలిచి తలుపు అడుగు తుప్పుపడుతుంది. ఐప్పసి, కార్తిక మాసాల్లో మా మద్రాసు వానలు చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఇక కడ్డీ. దాని కొసను పిడికి కట్టి ఉంచేది చిన్న ప్లాస్టిక్ క్లిప్పు. దాన్ని లాగకూడదు. ముందు కడ్డీ మీదనుంచి పక్కకు తిప్పి, అప్పుడు కడ్డీని బయటికి తీయాలి. పాత పిడి తీసి, కొత్తది పెట్టి, కడ్డీ కొస దూర్చి, క్లిప్పు తిప్పి బిగించాం. పదినిమిషాల పని.

అమ్మ చేతికి లొంగలేదు

పిడి లాగి చూశాను. తలుపు తెరుచుకుంది. గెలిచామనుకుని అమ్మను పిలిచాం. అమ్మ మొహమాటంగానే వచ్చి కూర్చుంది. మనవరాలు పక్కనే ఎక్కింది. తలుపు వేశాను. అమ్మ రెండు వేళ్లతో పిడి లాగింది. కదల్లేదు. రెండు చేతులూ వేసి లాగింది. సగం వచ్చి ఆగిపోయింది.

"నా వేళ్లకు లొంగడం లేదురా నాయనా" అంది. నేను బయటినుంచి తలుపు తీశాను.

నా చేతికి తెరుచుకున్నంత మాత్రాన అది బాగయినట్టు కాదని నాకు అప్పుడు తెలిసింది. ఇంకో సంగతి కూడా అర్థమయింది. కొత్త పిడికే ఇంత బలం కావలసి వస్తోందంటే పాత పిడి విరగడంలో ఆశ్చర్యం లేదు. తప్పు పిడిది కాదు, అంత బలంగా లాగించుకుంటున్న డోర్ లాక్‌ది. ఏళ్ల తరబడి దుమ్ము పట్టి, గ్రీజు ఎండి, మైనంలా గట్టిపడిపోయింది. పిడి మార్చి ఊరుకుని ఉంటే మూడు నెలల్లో ఇదీ విరిగేది, మళ్లీ పుదుప్పేట వెళ్లేవాణ్ని.

ఇక్కడ ఒక చిన్న రహస్యం ఉంది. తలుపు తెరిచి ఉంచి పరీక్షిస్తే పిడి తేలికగానే వస్తుంది. తలుపు వేశాక చుట్టూ ఉన్న రబ్బరు దాన్ని బయటికి నెడుతుంటుంది. ఆ ఒత్తిడంతా కొండి మీద పడుతుంది. కొండిని ఆపే మీట ఆ ఒత్తిడిలో నొక్కుకుపోయి, గ్రీజు లేకపోతే బిగుసుకుంటుంది. అందుకే తెరిచినప్పుడు చూసింది వేరు, మూసినప్పుడు చేతికి తెలిసేది వేరు.

మళ్లీ ప్యాడ్ విప్పాం. డోర్ లాక్ మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, పాత పళ్లకుంచెతో నల్లటి మడ్డి అంతా తోమి, గుడ్డతో తుడిచాం. ఆ తర్వాత తెల్ల గ్రీజు కొద్దిగా కొండికీ, మీట తిరిగేచోటా, కడ్డీ కొసలకీ పూశాం. ఒట్టి స్ప్రేతో సరిపెట్టకూడదు. అది మురికిని కరిగిస్తుంది కాని ఎక్కువకాలం నిలవదు. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె పోయవద్దు. కొన్నాళ్లకు దుమ్ము పట్టి జిగటై మొదటికంటే ఎక్కువ బిగుస్తుంది. అద్దం జారే గాడిలో సిలికాన్ స్ప్రే కొడితే, ఆనాడు అమ్మ చేతికి తిరగని అద్దం పిడి కూడా తేలికయింది.

కొన్ని కార్లలో లోపలి పిడి బిగించే స్క్రూ కన్నం పొడవుగా ఉంటుంది. పిడిని అటూ ఇటూ కొద్దిగా జరిపి కడ్డీలో వదులు తీసేయవచ్చు. వదులు ఉంటే పిడి సగం దూరం ఊరికే వస్తుంది, మిగిలిన సగంతోనే పనంతా జరగాలి. మరీ బిగించినా కొండి సరిగా పడదు. పిడి వదిలినప్పుడు కడ్డీ తన చోటికి పూర్తిగా వెళ్లాలి.

మూసే ముందు ఈ పరీక్ష మరవద్దు

అన్నీ బిగించామని ఉత్సాహంలో తలుపు దబ్బున వేయకండి. కడ్డీ సరిగా పడకపోతే, అందులో ప్యాడ్ విప్పి తీగలు బయటపడి ఉంటే, ఆ తలుపుని మళ్లీ తెరవడం పెద్ద యాతన.

తలుపు తెరిచి ఉండగానే స్క్రూడ్రైవరు కాడతో డోర్ లాక్ కొండిని, తలుపు వేసినప్పుడు పడేటట్టు, టక్కుమని రెండుసార్లు చప్పుడు వచ్చేవరకు నొక్కండి. ఇప్పుడు తలుపు మూసినట్టు లెక్క. లోపలి పిడి లాగండి. కొండి విడిపోవాలి. మళ్లీ నొక్కి, బయటి పిడితో చూడండి. మళ్లీ నొక్కి, లాకు గుబ్బ వేసి, తీసి చూడండి. పిల్లల తాళం వేసి లోపలి పిడి పనిచేయడం లేదని, తీసి మళ్లీ పనిచేస్తోందని చూడండి. నాలుగూ సరిపోయాకే తలుపు వేయాలి. మొదటిసారి వేసేటప్పుడు ఆ వైపు అద్దం దించి ఉంచితే మరీ మంచిది. అటుపైన పాలిథిన్ అతికించి, ప్యాడ్‌ను పైనుంచి తగిలించి, క్లిప్పులు ఒక్కొక్కటే అరచేత్తో కొట్టి బిగించాలి.

తుప్పుపట్టి డోర్ లాక్ లోపలి స్ప్రింగు విరిగినా, తలుపు కుంగి కమ్మీకి సరిగా ఎదురుకాకపోయినా మెకానిక్కు చేయాల్సిందే. అయినా రోగం ఏమిటో తెలుసుకుని వెళితే, "పిడి మార్చండి" అని కాక "లాకు బిగుసుకుంది, చూడండి" అని చెప్పగలుగుతాం. పని ఒక్కసారితో తీరుతుంది.

పిల్లలకూ పెద్దలకూ నేర్పవలసింది

ఎండలో నిలిపిన కారు లోపల ఎంత వేగంగా వేడెక్కుతుందో మనం ఊహించం. 2005లో అమెరికా పిల్లల వైద్యుల పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. మూసిన కారులో ఒక గంటలో సగటున 22 సెంటీగ్రేడు డిగ్రీలు పెరిగింది. అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే. అద్దం కొద్దిగా దించి ఉంచినా పెద్ద తేడా రాలేదు. అందుచేత "అద్దం సందు ఉంచాను కదా" అన్నది ధైర్యం కాదు.

2025 మే నెలలో మన విజయనగరం దగ్గరి ద్వారపూడిలో ఆడుకుంటూ ఆగి ఉన్న కారెక్కిన నలుగురు పిల్లలు తలుపులు పడిపోయి ఊపిరాడక చనిపోయారు. ఆ వార్త చదివిన ఇంట్లో ఎవరికయినా గుండె చెరువు కాకమానదు. ఇంటిముందు కారు నిలిపితే తాళం వేసి, తాళంచెవి పిల్లలకు అందకుండా ఉంచాలి. బయలుదేరేముందు వెనక సీటు చూసి కాని తాళం వేయకూడదు. లోపలినుంచి తలుపు ఎలా తీయాలో, లాకు గుబ్బ ఎలా ఎత్తాలో, చిక్కుకుంటే ముందు సీటులోకి దూకి హారను ఎలా మోగించాలో పిల్లలచేత ఒకసారి చేయించి చూపించాలి. చాలా కార్లలో తాళంచెవి లేకపోయినా హారను మోగుతుంది. మీ కారులో మోగుతుందో లేదో చూసుకోండి.

ఇప్పుడు వస్తున్న కొన్ని విద్యుత్ కార్లలో లోపలినుంచి తలుపు తీయడానికి పిడికి బదులు బొత్తాం ఉంటోంది. కరెంటు అందకపోతే అది పనిచేయదు. అందుకోసం వేరే చేతి మీట ఎక్కడో అమర్చి ఉంటుంది. కారు కొన్న రోజునే దాన్ని వెతికి, ఇంట్లో అందరికీ చూపించండి. అవసరం వచ్చిన నిమిషంలో పుస్తకం తిరగేయలేం.

పెద్దవాళ్ల సంగతి కొంచెం వేరు. వాళ్లు అడగరు. "పిల్లలు పనిలో ఉన్నారు, వాళ్లకెందుకు శ్రమ" అనుకుంటారు. బయటికి రావడం మానేస్తారు, మనమేమో వయసనుకుంటాం. మా అమ్మ మోకాళ్లు నేను అలాగే నమ్మాను.

రెండోసారి ప్యాడ్ బిగించిన సాయంత్రం అమ్మను మళ్లీ కూర్చోబెట్టాం. తలుపు వేసి నేను దూరంగా జరిగి నిలబడ్డాను. ఆమె కుడిచేయి చాపి రెండు వేళ్లతో పిడి లాగింది. తలుపు చప్పుడు లేకుండా విడింది. కాలితో తోసి, కాలు కింద పెట్టి, మళ్లీ లోపలికి తీసుకుని, తలుపు తానే వేసుకుంది. మళ్లీ తీసింది. మళ్లీ వేసింది. అయిదారుసార్లు అలా చేస్తుంటే మనవరాలు లెక్కపెట్టింది.

"ఇంక చాలు తాతమ్మా, మళ్లీ విరుగుతుంది" అంది మనవరాలు.

"విరిగితే మీ తాతయ్య ఉన్నాడుగా" అంది అమ్మ. తర్వాత నావైపు తిరిగి, "వచ్చే శనివారం ఆ పూలమ్మే పిల్లకి ఒక చీర తీసుకెళదాం, గుర్తుపెట్టుకో" అంది.

తీసుకెళ్లాం. అమ్మ తన తలుపు తానే తీసుకుని దిగి ఇచ్చింది.